మాటలు లేని టార్టూఫ్

కపట భక్తునికి మాటే పెట్టుబడి. ఆ మాటను తీసివేస్తే అతనిలో మిగిలేదేమిటి? ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ రచించిన ‘టార్టూఫ్’ ప్రహసనాన్ని జర్మన్ దర్శకుడు మూర్నౌ మూకీ చిత్రంగా మలచి ఈ ప్రశ్నకు సమాధానం చూపాడు.

భక్తుని వేషంతో ఆర్గాన్ అనే గృహస్థుని ఇంట చేరి, అతని ఆస్తినీ భార్యనూ కాజేయజూచిన వంచకుని కథ ఇది. 1664లో వెర్సాయ్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. మతపెద్దలు ఆగ్రహించగా 14వ లూయీ రాజు బహిరంగ ప్రదర్శనను నిషేధించాడు. 1669లోగాని పూర్తి అనుమతి లభించలేదు. తాను పరిహసించినది భక్తి పేరిట సాగే నటననే గాని భక్తిని కాదని మోలియేర్ వాదించాడు.

చిత్రం 1926 జనవరిలో బెర్లిన్‌లో ప్రదర్శితమైంది. రచయిత కార్ల్ మాయర్ నాటకంలోని పాత్రలను బాగా కుదించాడు. పద్య సంభాషణలు చేసిన పనిని ఇక్కడ ఎమిల్ యానింగ్స్ దేహమే చేస్తుంది. నల్లని దుస్తులు, ముఖానికి ఆనించి పట్టిన చిన్న గ్రంథం, మందగమనం: ఇవే అతని భక్తి. నాటకంలో ఆర్గాన్ బల్లక్రింద దాగి వంచకుని మాటలు వింటాడు. చిత్రంలోనో, చాటున ఉన్న ఆర్గాన్ ప్రతిబింబం తేనీటి పాత్రపై కనబడగానే టార్టూఫ్ తిరిగి భక్తుడైపోతాడు! చెవులకు ఉద్దేశించిన ఘట్టం కన్నులకు విందైంది.

ఆర్గాన్ దుష్టుడు కాడు. పుణ్యాత్ముడు కావాలని తపించినవాడు. భార్యను ముద్దాడడం కూడా పాపమని నమ్మేటంత దూరం పోతాడు. వంచకుడు ప్రవేశించిన ద్వారం ఆ తపనయే.

మూర్నౌ ఈ కథను తన కాలపు మరొక కథలో పొదిగాడు. ఆస్తికై ఆశపడిన గృహసేవిక ఒక వృద్ధుని వశపరచుకొని, అతని మనుమణ్ణి దూరం చేస్తుంది. నటుడైన మనుమడు ఊరూరా తిరిగే సినిమావాని వేషంలో వచ్చి, తాతకు ‘టార్టూఫ్’ చూపి కనువిప్పు కలిగిస్తాడు. నిజాన్ని బయటపెట్టడానికి అతడూ వేషమే వేయవలసి రావడం గమనార్హం.

నాటకాంతంలో రాజాజ్ఞ కుటుంబాన్ని రక్షిస్తుంది. చిత్రంలో ఏ రాజూ రాడు. మన ప్రక్కన కూర్చున్నదెవరో మనకు తెలుసునా అన్న ప్రశ్న మాత్రం ప్రేక్షకులకు మిగులుతుంది. దొంగ భక్తుడు దోచేది ఒక ఇంటి ఆస్తినే కాదు, నిజమైన భక్తులపై లోకానికి గల విశ్వాసాన్ని కూడా. కనుక అతణ్ణి గుర్తించే భారం రాజుకన్న ముందు మనదే.