రెండు రెక్కల వాపిటీ: అమ్మేయాలా, కట్టేయాలా?

ఇవాళ రఫేల్ వీడియోలు చూసి మురిసిపోతాం కదా! మన వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలో మొదలైనప్పుడు చేతిలో ఉన్నవి నాలుగే నాలుగు విమానాలు. పేరు వెస్ట్‌ల్యాండ్ వాపిటీ. కిందో రెక్క, పైనో రెక్క, మధ్యలో నిలువు కడ్డీలు, తీగలు. పైలట్ నెత్తిన కప్పు కూడా లేదు.

ఆ వాపిటీ ప్లాస్టిక్ కిట్ ఒకటి నా దగ్గరుంది. ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాగ్ బ్రాండ్, 1:72 స్కేలు. అసలు విమానం రెక్కల పొడవు 14 మీటర్ల పైచిలుకు, నా టేబుల్ మీద 20 సెంటీమీటర్లు కూడా రాదు. ఫ్రాగ్ అంటే అల్లాటప్పా పేరు కాదు. ప్లాస్టిక్ విమానాల కిట్లను 1936లోనే మార్కెట్లోకి తెచ్చింది వాళ్లే. ఎగరవు కాబట్టి వాటికి ‘పెంగ్విన్’ అని పేరు పెట్టారు! 1970ల్లో ఆ కంపెనీ కథ ముగిసింది. అచ్చులు చాలావరకు సోవియట్ యూనియన్‌కు వెళ్లి నోవో పేరుతో మళ్లీ కిట్లయ్యాయి. జర్మనీ, జపాన్ యుద్ధ విమానాల అచ్చులు మాత్రం సోవియట్ వాళ్లు వద్దన్నారట.

ఇలాంటి పాత కిట్ దొరికితే తోటి హాబీవాళ్లు ఒకటే మాట అంటారు: ‘ముట్టుకోకు, అలాగే అమ్మేయ్.’ నిజమే, ఒక్క ముక్క కోసినా కలెక్టర్ల దృష్టిలో ధర పడిపోతుంది. కానీ ఆవకాయ జాడీని మూత తీయకుండా షోకేసులో పెట్టుకుంటామా? కట్టడానికి చేసిన వస్తువును కట్టాలి. అందుకే కట్టర్ పట్టుకున్నా.

బైప్లేన్‌లో అసలు పరీక్ష పై రెక్క. కింది రెక్క సులువుగానే కూర్చుంటుంది. పైది మాత్రం అగ్గిపుల్ల కంటే సన్నని స్ట్రట్ల మీద నిలబడాలి. వాపిటీకి ఒక్కో వైపు రెండేసి జతలు. ఒకటి అర మిల్లీమీటరు వంగినా విమానం మొత్తం మెడ పట్టేసినట్టు కనిపిస్తుంది. అందుకే పాత అట్టముక్కలు కోసి, రెండు రెక్కల మధ్య దూరం సరిచూసుకునే చట్రం చేసుకున్నా. గ్లూ ఆరేదాకా రెక్క దాని మీదే. రంగు ముందే వేసేయాలి, తర్వాత లోపలికి బ్రష్ దూరదు.

ఆ తర్వాత తీగలు. ఆ రోజుల్లో విమానం అంటే చట్రం మీద గుడ్డ. రెండు రెక్కలను కడ్డీలతో, తీగలతో బిగిస్తే వంతెనలాగా గట్టిపడేది. గాల్లో రెక్కలు పైకి మడిచుకుపోకుండా కొన్ని తీగలు, నేల మీద కిందికి వాలకుండా ఇంకొన్ని. నులక మంచం చూశారుగా, బిగువంతా అల్లికలోనే! మోడల్‌లో ఈ తీగలకు డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు. కిట్‌లో మిగిలిన ప్లాస్టిక్ కడ్డీని కొవ్వొత్తి మంటకు కాస్త పైన వేడి చేసి, మెత్తబడగానే మెల్లగా లాగితే వెంట్రుకంత దారం వస్తుంది. పట్టకారుతో పట్టుకుని మధ్య నుంచి బయటికి అతికించుకుంటూ పోవాలి. రాత్రికి నాలుగు తీగలు పూర్తయితే గొప్పే. ఫ్యాన్ ఆపేయాలి, చెమటలు పట్టినా సరే.

కొత్తవాళ్లు వాపిటీ జోలికి రావద్దు. 1973లో మ్యాచ్‌బాక్స్ వేసిన హాకర్ ఫ్యూరీ దొరికితే చూడండి. ఒక్కో వైపు ఒకే జత స్ట్రట్లు. ముక్కలు రంగు ప్లాస్టిక్‌లోనే వస్తాయి కాబట్టి పెయింట్ లేకపోయినా నడుస్తుంది. పైగా అసలు ఫ్యూరీ మామూలు బండి కాదు. గంటకు 200 మైళ్లు దాటిన తొలి బ్రిటిష్ స్క్వాడ్రన్ ఫైటర్ అదే.

నా కిట్‌లో స్టిక్కర్లు, అంటే డెకాల్స్, పసుపెక్కాయి. కిటికీ అద్దానికి అంటిస్తే ఎండకు ఆ పసుపు మెల్లగా విరిగిపోతుంది. నీళ్లలో వేస్తే ముక్కలు కాకుండా ముందు పల్చటి వార్నిష్ పూత వేయాలి.

ఇంతకీ ఏ గుర్తులు పెట్టాలి? ‘మన దళం కదా, త్రివర్ణం పెట్టేయ్’ అన్నాడు తమ్ముడు. కానీ 1933లో ఆ విమానాల మీద ఉన్నది ఎరుపు, తెలుపు, నీలం బ్రిటిష్ చక్రమే. వాటి దగ్గర పనిచేసింది మాత్రం 19 మంది భారతీయ ‘హవాయీ సిపాయిలు’. వెండి రంగు రెక్కల మీద ఆ బ్రిటిష్ చక్రమే ఉంచుతున్నా. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు.