డంపరు గదిలో చల్లగాలి

రోహిణికార్తెలో రోళ్లు పగులునని సామెత. రామగుండము, మణుగూరు ప్రాంతములలోని సింగరేణి ఓపెన్‌కాస్టు గనులలో పగులుటకు రోళ్లు కానరావు గాని, నల్లని బొగ్గుపొర పగలెల్ల ఎండను త్రాగి సెగగా వెడలగ్రక్కుచుండును. మే మాసమున అచ్చట వేడి 45 డిగ్రీలను దాటుట అరుదు కాదు. అట్టి గోతిలో 100 టన్నుల డంపరును నడపువాడు షిఫ్టు ముగియువరకు అద్దాలగదిలో కూర్చుండవలెను. పైన సూర్యుడు, చెంతనే ఇంజను. ఆ గదిలోని ఏ.సి. భోగవస్తువని తలచువారు ఒక్క గంట అందు కూర్చుండి చూతురు గాక. అది ఆగినచో అతడు మొదట చేయు పని అద్దము దింపుట. దానితో ధూళి లోనికి వచ్చును. రాతిపొరలను త్రవ్వుచోట ఆ ధూళిలో సిలికా ఉండును. అది ఊపిరితిత్తులలో చేరి మానని వ్యాధిని తెచ్చును. వేడికి సొమ్మసిల్లిన మనిషి చేతిలో అంత బండి ఉండుట దారిలోనివారికిని క్షేమము కాదు.

ఏ.సి. చల్లదనమును పుట్టించునని లోకుల తలంపు. నిజమునకు అది వేడిని ఒకచోట ఎత్తి వేరొకచోట దింపును, అంతే. (1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ తన తొలి యంత్రమును రూపొందించినది మనుష్యుల సుఖమునకు కాదు, ముద్రణాలయమున కాగితము తేమకు సాగకుండుటకు!) నేడు పెక్కు యంత్రములలో వాడు ఆర్ 134ఎ అను ద్రవము మామూలు వాయుపీడనమున సున్నకు దిగువ 26 డిగ్రీలకే మరగును. గదిలోని గొట్టపుచుట్టలో అది మరగి ఆవిరియగుచు అచ్చటి వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి కండెన్సరునకు పంపగా, వేడిని వెలుపల విడిచి అది మరల ద్రవమగును.

గనిలో మొదటి శత్రువు ధూళి. కండెన్సరు రేకుల సందులు పూడినచో వేడి పోవుటకు దారి లేదు. గాలి పోవు దిశకు ఎదురుగా, రేకులు వంగకుండ, మెల్లగా గాలి కొట్టి శుభ్రపరుపవలెను. గదిలోని ఫిల్టర్లను, కంప్రెసరు బెల్టును అప్పుడే చూడవలెను. పలువురు మరచునది మరొకటి కలదు: హీటరు కుళాయి. అది పూర్తిగా మూయబడనిచో ఇంజనులోని వేడినీరు గదిలోనికి ప్రవహించుచునే యుండును. ఒకవంక చల్లార్చుట, ఒకవంక కాచుట! ఇట్టిచోట ఎంత గ్యాసు నింపినను ఫలము సున్న.

గ్యాసు నింపుటయే సర్వరోగనివారిణి యనుకొనుట పెద్ద పొరపాటు. గ్యాసు డీజిలువలె ఖర్చగునది కాదు. వేగముగా తగ్గినదనగా ఎచ్చటనో కారుచున్నదన్నమాట. నడకలోని అదురుకు అతుకులు వదులగును. గ్యాసుతోపాటు నూనెయు చెమర్చి, దానిపై ధూళి పేరుకొని నల్లని మరకయగును. ఆ మరకయే దొంగను పట్టియిచ్చును. కంప్రెసరునకు కావలసిన నూనె ఈ గ్యాసుతోనే తిరుగును గనుక, గ్యాసు తగ్గినకొలది కంప్రెసరు ఆయుష్షు తగ్గును.

గేజి సయితము మోసగించును. యంత్రము ఆగియున్నప్పుడు లోపల ద్రవము కొంచెమున్నను ఒత్తిడి ఉష్ణోగ్రతనుబట్టియే యుండును. 40 డిగ్రీలవద్ద నిండుగానున్నను సగమున్నను సుమారు 130 పౌండ్లే చూపును. నడుచుచుండగా రెండు గేజీలను కలిపి చదువవలెను. రెండును తక్కువైనచో గ్యాసు కొరత. రెండును ఎక్కువైనచో కండెన్సరు పూడినదో, గ్యాసు మితిమీరినదో. ఒత్తిడి తక్కువగా నుండవలసిన వైపు హెచ్చి, హెచ్చుగా నుండవలసిన వైపు తగ్గినచో కంప్రెసరునే అనుమానింపవలెను. కొంతసేపు చల్లగా వచ్చి, ఆగి, విశ్రాంతి పిదప మరల వచ్చుచున్నచో లోపల చేరిన తేమ వాల్వువద్ద మంచుగా గడ్డకట్టుచున్నదేమో చూడవలెను. అందుచేతనే అతుకు బిగించిన పిదప పంపుతో లోపలి గాలిని, తేమను లాగివేసి, తయారీదారు చెప్పిన గ్యాసును తూచి నింపుట.

షిఫ్టు మారునప్పుడు “ఏ.సి. పనిచేయుటలేదు” అని ఒక్క వాక్యము వ్రాసిపోవువారు కలరు. గాలియే రాలేదా, వచ్చిన గాలి వేడిగానున్నదా, ఉదయమునుండియా, ఎండ ముదిరిన తరువాతనా అని కూడ వ్రాసినచో ఫిట్టరునకు సగము వెదకులాట తగ్గును. మరునాటి మధ్యాహ్నమునకు ముందే ఆ డంపరు అద్దము మూసికొని గోతిలోనికి దిగును.