పట్టాల మీద తలుపు

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాను వాన ముంచెత్తింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు నీట మునిగాయి, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అంతటి వాన ముందు ఏ తలుపూ నిలవదు. అయితే వరద ఎక్కని మేడ గదుల్లోకి మామూలు వానకు కూడా నీళ్లు వస్తుంటాయి. గోడ పగిలి కాదు, స్లాబు కారీ కాదు. బాల్కనీ వైపు స్లైడింగ్ తలుపు కింద అల్యూమినియం ట్రాక్ నిండి, హాల్లోకి పొర్లి. 'ఈ తలుపు మార్చాల్సిందే' అన్న మాట ఇంట్లో వినిపించేది అప్పుడే.

మార్చడం ఒకట్రెండు రోజుల పని. దేనితో మార్చాలో తేల్చుకోవాలంటే మాత్రం ఆ తలుపు ఎక్కడ పుట్టిందో, దాని ఒంట్లో ఏముందో కొంత తెలిసి ఉండాలి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు సింహద్వారానికి స్లైడింగ్ తలుపు ఎవరూ పెట్టరు. దర్వాజకు గడప ఉండాలి, గడపకు పసుపు రాయాలి, పైన మామిడాకులు కట్టాలి. రెండు గాడుల అల్యూమినియం పట్టీకి ఆ మర్యాద దక్కదు. అందుకే ఈ తలుపు మన ఇళ్లలోకి పక్కదారిన వచ్చింది: హాలుకూ బాల్కనీకీ మధ్య, పడకగదికీ సిటౌట్‌కూ మధ్య. ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్‌కు వలసలు దశాబ్దాల నాటివి. అక్కడి కొలువుల్లో అల్యూమినియం ఫ్యాబ్రికేటర్ పని ఒకటి. దుబాయ్‌లో, మస్కట్‌లో అద్దాల భవనాలు చూసి వచ్చినవాళ్లకు సొంతూళ్లో కట్టుకునే మేడకూ అలాంటి తలుపే కావాలనిపించడంలో వింతేమీ లేదు.

నిజానికి జరిపే తలుపు చాలా పాతది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే నగరపు ఇళ్లలో మడత తలుపులతో పాటు జరిపే తలుపుల ఆనవాళ్లూ దొరికాయి. జపాన్ ఇళ్లలో కాగితం అతికించిన షోజీ, ఫుసుమా తలుపులు శతాబ్దాలుగా కొయ్య గాడిలో జరుగుతూనే ఉన్నాయి. వాటికి చక్రాలు అక్కర్లేదు. కాగితం, సన్నని కర్ర. వేలితో తోస్తే జరుగుతాయి. చిక్కంతా ఆ కాగితం స్థానంలోకి అద్దం వచ్చాక మొదలైంది.

అంత పెద్ద అద్దం మధ్యతరగతి ఇంటికి అందడానికి కారణం ఇంగ్లండ్‌లోని పిల్కింగ్టన్ కంపెనీ. అంతకుముందు వంకరలేని పలక కావాలంటే రెండు వైపులా అరగదీసి పాలిష్ చేయాల్సి వచ్చేది, ఖర్చెక్కువ. అలస్టైర్ పిల్కింగ్టన్ బృందం ఏళ్ల తరబడి తంటాలు పడి, కరిగిన తగరం మీద కరిగిన గాజును పారించింది. నీళ్ల మీద నూనె పరుచుకున్నట్టు గాజు తగరం మీద తేలుతూ సమంగా పరుచుకుంటుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, గాజు సుమారు 600 డిగ్రీల దగ్గరే గట్టిపడి బయటికొస్తుంది. కింద తగరం ఇంకా ద్రవంగానే ఉంటుంది కాబట్టి గీత పడదు. ఈ ఫ్లోట్ పద్ధతిని కంపెనీ 1959లో లోకానికి వెల్లడించింది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెన్ ఫ్లోట్ కర్మాగారం 2000లో మొదలైంది.

ఫ్రేము సంగతి ఇంకా పాతది. అల్యూమినియాన్ని కరెంటుతో చవకగా తీసే పద్ధతిని 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ ఒకరికొకరు తెలియకుండానే కనిపెట్టారు. ఇద్దరూ 1863లో పుట్టారు, ఇద్దరూ 1914లో పోయారు. జాతకాలు నమ్మేవాళ్లకు మంచి ముడిసరుకు! రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అల్యూమినియం ఇళ్ల వైపు మళ్లింది. కాలిఫోర్నియాలో జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డరు సుమారు 11 వేల ఇళ్లు కట్టాడు. పెరటివైపు అద్దపు గోడలు, జరిపే తలుపులు వాటి ప్రత్యేకత. అద్దం ఉందని తెలియక నేరుగా నడిచి గుద్దుకున్నవాళ్లూ అమెరికాలో తక్కువేం కాదు. 1977లో అక్కడి ప్రభుత్వం అలాంటి తలుపులకు సేఫ్టీ గ్లాస్ తప్పనిసరి చేసింది.

మన దగ్గర తలుపు బాగోగులు తేల్చేది అద్దమూ కాదు, ఫ్రేమూ కాదు. కింద కనపడకుండా ఉండే చక్రం.

పదేళ్లు వాడిన షట్టర్‌ను, అంటే జరిగే రెక్కను, ఇద్దరు మనుషులు పైకెత్తి, బయటికి తీసి, తిరగేసి చూస్తే అసలు సంగతి కనిపిస్తుంది. నైలాన్ చక్రం ఒకవైపు అరిగి చదునైపోయి ఉంటుంది. ఇరుసుకు పొడవాటి వెంట్రుకలు, చీర దారప్పోగులు చుట్టుకుని ఉంటాయి. వాటి మధ్య మట్టి. మంజీర వైపు నల్లరేగడి ఎండితే మెత్తటి పొడి, తడిస్తే బంక. ఆ బంక బేరింగులోకి దిగాక చక్రం తిరగడం మానేసి ట్రాక్ మీద రాసుకుంటూ పోతుంది. అప్పుడు వినిపించే కీచుమనే చప్పుడు చక్రం అరిగేదే కాదు, ట్రాక్ అరిగేది కూడా. చక్రం మారిస్తే సరిపోతుంది. ట్రాక్ అరిగితే ఫ్రేమే పోతుంది.

బరువు లెక్క వేస్తే ఈ చక్రం పడే పాటు అర్థమవుతుంది. చదరపు మీటరు అద్దం ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న రెక్కలో 5 ఎంఎం అద్దమే దాదాపు 32 కిలోలు. అదే చోట 6 ఎంఎం అద్దాలు రెండు పెట్టిన డబుల్ గ్లాస్ అయితే 78 కిలోలు, ఫ్రేము కాక. ఇదంతా మోసేది రెండే చక్రాలు. పాత ట్రాక్ అలాగే ఉంచి అద్దం మాత్రం బరువైనది వేయించుకున్న ఇంట్లో తలుపు కొన్నాళ్లకే మొరాయిస్తుంది. అందుకే బేరం అద్దం దగ్గర కాదు, బేరింగు దగ్గర మొదలవ్వాలి: ఎన్ని కిలోలు మోస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలుదా, మార్చడానికి ఇక్కడే దొరుకుతుందా.

తలుపు బిగిసిందని మొత్తం మార్చేసేవాళ్లు ముందు ఒక పని చేయాలి. చాలా షట్టర్లకు అంచున, కింది భాగంలో ఒక స్క్రూ ఉంటుంది. కొన్నిటికి దాని మీద ప్లాస్టిక్ మూత. దాన్ని తిప్పితే చక్రం పైకీ కిందికీ కదులుతుంది. ఒకవైపు కుంగిన తలుపు చాలాసార్లు దీనితోనే దారికొస్తుంది. చక్రాలు మార్పించడం, ట్రాక్ శుభ్రం చేయించడం కొత్త తలుపు ఖర్చులో చిన్న పాలే.

ఇక వాన. ట్రాక్‌కు బయటివైపు సన్నని చీలికల్లాంటి రంధ్రాలు ఉంటాయి, నీళ్లు పోవడానికి. బిగించేటప్పుడు సిమెంటో సిలికానో పూసి వాటిని మూసేయడం ఈ పనిలో తరచూ జరిగే తప్పు. లోపలివైపు పట్టీ ఎత్తు కూడా చూడాలి. గంటకు 46 కిలోమీటర్ల వేగంతో తలుపుకు ఎదురుగా కొట్టే గాలి ట్రాక్‌లోని నీటిని సుమారు ఒక సెంటీమీటరు పైకి నెట్టగలదు. 65 కిలోమీటర్లయితే రెండు సెంటీమీటర్లు. ముచ్చటగా ఉంటుందని నేలతో సమానంగా ట్రాక్ దించేస్తే గాలివాన ఇంట్లోకి రాక మానదు. బాల్కనీ నేల హాలు కంటే కిందికి లేకపోయినా, వాలు బయటికి లేకపోయినా ఎంత ఖరీదైన తలుపైనా ఏం చేయలేదు.

ఎండ విషయంలో కొనేవాళ్లు ఎక్కువగా పొరబడతారు. రెండద్దాల మధ్య గాలిని బంధించే పద్ధతికి అమెరికాలో థామస్ స్టెట్సన్ 1865లోనే పేటెంటు తీసుకున్నాడు. చలి దేశాల్లో గది వెచ్చదనం బయటికి పోకుండా ఆపడం దాని అసలు పని. కామారెడ్డిలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే రోజులకు కొదవ లేదు, తలుపు మీద పడేది నేరుగా ఎండ. మామూలు 6 ఎంఎం అద్దం ఎండ వేడిలో 80 శాతానికి పైగా లోపలికి వదిలేస్తుంది. అలాంటి తెల్లద్దమే ఇంకొకటి కలిపినా 70 శాతం దాకా వస్తూనే ఉంటుంది. రోజంతా ఏసీ నడిచే గదికి, రోడ్డు చప్పుడు తగ్గాలనుకునే ఇంటికి డబుల్ గ్లాస్ పనికొస్తుంది. పడమటి తలుపుకు ముందు కావాల్సింది ఎండను తిప్పికొట్టే పూత ఉన్న అద్దం, లేదా బయట నీడ. సాయంత్రం నాలుగింటి ఎండ ఏటవాలుగా సజ్జ కిందినుంచే వస్తుంది కాబట్టి సజ్జ చాలదు. బయట వేలాడే వెదురు తడక లోపలి ఖరీదైన కర్టెన్ కంటే మేలు. కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే ఇంట్లో ఉన్నట్టు.

ఫ్రేము అల్యూమినియమా, గట్టి ప్లాస్టిక్ అయిన యూపీవీసీయా అన్నది మరో ప్రశ్న. అల్యూమినియం వేడిని యూపీవీసీ కంటే సుమారు వెయ్యి రెట్లు సులువుగా దాటిస్తుంది. ఎండలో ఫ్రేము ముట్టుకుంటేనే తెలుస్తుంది. యూపీవీసీ చల్లగా ఉంటుంది గానీ వేడికి ఎక్కువ సాగుతుంది: 30 డిగ్రీల తేడాకు ఎనిమిదడుగుల ముక్క దాదాపు 5 మిల్లీమీటర్లు, అల్యూమినియమైతే 2 కూడా ఉండదు. సందు వదలకుండా గోడకు బిగిస్తే ఎండాకాలం వంకర తిరుగుతుంది. లోపల ఇనుప చట్రం లేని యూపీవీసీని పెద్ద తలుపుకు వాడకూడదు. వెడల్పు ఎక్కువైన చోట మందమైన అల్యూమినియం సెక్షనే నయం.

కోతుల సంగతి ఏ కొటేషన్‌లోనూ ఉండదు. తెలంగాణలో ఈ బెడద ఎంతంటే, 2020లో నిర్మల్ జిల్లాలో ప్రభుత్వం కోతులకు ప్రత్యేకంగా సంరక్షణ కేంద్రమే తెరిచింది. కోతికి చేతులున్నాయి, గడియ పడని స్లైడింగ్ రెక్కను అది పక్కకు జరుపుతుంది. దోమల కోసం పెట్టే మూడో ట్రాక్‌లో మామూలు ఫైబర్ మెష్ దాని గోళ్లకు చాలదు, స్టీలు జాలి కావాలి. దొంగల భయమూ ఉంటే ఒకటి అడగాలి: మూసిన రెక్కను బయటినుంచి పైకెత్తి ఊడదీయకుండా పైగాడిలో అడ్డు ముక్కలు పెట్టారా అని.

అన్నీ చూశాక ఏది పెట్టించాలి? ఖాళీ ఐదడుగుల లోపుంటే స్లైడింగ్ వద్దు, రెండు రెక్కల అద్దపు తలుపు చాలు. స్లైడింగ్‌లో సగమే తెరుచుకుంటుంది, రెక్కల తలుపులో మొత్తం. పైగా రెక్క మూసినప్పుడు రబ్బరు నొక్కుకుని గాలినీ నీటినీ ఆపుతుంది. స్లైడింగ్‌కు ఉండేది ఊలు బ్రష్ మాత్రమే. ఏసీ లేని ఎల్లారెడ్డి ఇంట్లో సాయంత్రం గాలి సగమే రావడం నష్టమే. ఎనిమిదడుగులు, ఆపైన అయితే స్లైడింగే సరి. మడత తలుపుకు కీళ్లు ఎక్కువ, ఖర్చెక్కువ, చెడిపోయే చోట్లూ ఎక్కువ. ఈ దుమ్ములో అది వద్దు. ఏది పెట్టినా అద్దం టఫెన్డ్‌దే కావాలి. మూలన ముద్ర ఉందో లేదో చూడండి. అది పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న పలుకులుగా రాలుతుంది. తయారయ్యాక దాన్ని కోయలేరు కాబట్టి కొలతలు ఫ్రేము నిలిపాకే ఇవ్వాలి.

చివరి విడత డబ్బు ఇచ్చే ముందు ట్రాక్‌లో ఒక చెంబు నీళ్లు పోయండి. అవి బయటికి పోతే డబ్బు ఇవ్వండి. అక్కడే నిలిస్తే రంధ్రాలు తెరిపించాకే ఇవ్వండి.