మూలనపడినా ఆరని కుంపటి

పని అయిపోగానే బున్సెన్ బర్నరు మీట తిప్పేస్తాం, మంట ఆరిపోతుంది. ఆమ్లం ఒలికితే చురుక్కుమంటుంది, చప్పున చేయి కడుక్కుంటాం. రేడియో ధార్మిక పదార్థం విషయంలో ఈ రెండు సదుపాయాలూ లేవు. దానిని ఆర్పే మీట లేదు. దాని కిరణాలు మనకు తగులుతున్నట్టు కంటికిగాని, చర్మానికిగాని తెలియదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగంలో గామాసెల్ అనే పరికరం ఉండేది. పదార్థాలపై గామా కిరణాల ప్రభావాన్ని పరిశీలించడానికి వాడే యంత్రమది. నడుమ కోబాల్టు-60 ఉన్న సన్నని కడ్డీలు, చుట్టూ దళసరి సీసపు కవచం. 1985 నుంచి దానిని ఎవరూ వాడలేదు. 2010 ఫిబ్రవరిలో పాత సామాను కింద వేలం వేశారు. అది మాయాపురిలోని పాత ఇనుము కొట్లకు చేరింది. సీసానికి మంచి ధర పలుకుతుంది కదా! కవచం ఊడదీశారు, లోపలివి ముక్కలు చేశారు. ఒక వర్తకుడు చిన్న ముక్కను పర్సులో పెట్టుకున్నాడట. ఏప్రిల్‌లో వైద్యులకు అనుమానం వచ్చేదాకా సంగతి బయటపడలేదు. ఒక కార్మికుడు చనిపోయాడు. మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం. కోబాల్టు-60 అర్ధజీవిత కాలం 5.27 సంవత్సరాలు. పాతికేళ్ళంటే సుమారు నాలుగు ముప్పావు అర్ధజీవిత కాలాలు. అంటే 1985లో ఉన్న శక్తిలో ఇంచుమించు 27వ వంతే మిగిలిందన్నమాట. ఆ మిగిలినదే ప్రాణం తీసింది!

పర్సులోని చిన్న ముక్కకు అంత బలం ఎక్కడిది? విలోమ వర్గ సూత్రం గుర్తు చేసుకోండి. మీటరు దూరాన ఉన్న చిన్న మూలకాన్ని సెంటీమీటరు దగ్గరకు తెస్తే కిరణాల తీవ్రత దాదాపు పదివేల రెట్లవుతుంది. అందుకే ప్రయోగశాలలో అలాంటి వాటిని వేళ్ళతో ముట్టుకోరు, పొడవైన పటకారు వాడతారు. అడ్డుగా సీసం పెడతారు. కోబాల్టు కిరణాల్లో సగాన్ని ఆపడానికి సుమారు 1.2 సెంటీమీటర్ల సీసం కావాలి. మిగిలిన సగంలో సగానికి మళ్ళీ అంత. ఇక కాలం సంగతి. అసలు పదార్థం తేకముందు ఉత్త సీసాతో పనంతా ఒకసారి చేసి చూసుకుంటారు, తరువాత తడుముకోకుండా త్వరగా ముగించడానికి. ద్రవాలయితే పిపెట్టును నోటితో పీల్చకూడదు. ఆ గదిలో తినడం, తాగడం నిషిద్ధం.

ఇన్ని జాగ్రత్తలూ వాడుతున్న వస్తువుకే. వాడటం మానిన వస్తువును కాపాడేది మాత్రం ఒక మామూలు రిజిస్టరు! ప్రతి మూలకానికి ఒక సంఖ్య, ఏ తేదీన ఎంత శక్తి, ఎవరి స్వాధీనంలో ఉంది అన్నవి అందులో ఉండాలి. పనికిరాకపోతే నియంత్రణ మండలికి తెలియజేసి, అమ్మిన సంస్థకో, అధీకృత కేంద్రానికో అప్పగించాలి. ఆ పద్దు ముగిసేదాకా బాధ్యత ప్రయోగశాలదే.

పసుపు పలకపై మూడు రేకుల గుర్తు మీరు చూసే ఉంటారు. చదువుకోని వారికి అది ఫ్యాను రెక్కల్లా కనబడవచ్చు. అందుకే 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మరో గుర్తును ప్రకటించింది. ఎర్రని నేలపై కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి. దానిని యంత్రం పైన కాక, విప్పబోయేవాడికి మాత్రమే కనబడేలా మూత లోపల అతికిస్తారు.