విజయవాడనుండి ఢిల్లీకి: రైలుప్రయాణమున రైతు గమనింపవలసిన సంగతులు



తీర్థయాత్రకో, బిడ్డల చదువునకో, వ్యవసాయ ప్రదర్శనమునకో మన సంఘసభ్యులలో అనేకులు ఇప్పుడు ఉత్తరదేశమునకు రైలులో పోవుచున్నారు. పోయివచ్చినవారిని "త్రోవలో ఏమి చూచితిరి?" అని యడిగినచో కొందఱు తాజమహలును గూర్చి చెప్పుదురు, కొందఱు చలిని గూర్చి చెప్పుదురు. విజయవాడకును క్రొత్తఢిల్లీకిని నడుమ ఇంచుమించు 1,750 కిలోమీటర్ల నేల తమ కన్నులయెదుట సాగిపోయినదనియు, ఆ నేలను తమవంటి రైతులే దున్ని విత్తి కోయుచున్నారనియు చెప్పువారు అరుదు. టిక్కెట్టునకు వెచ్చించిన సొమ్మునకు రావలసిన ఫలములో సగము వీరు కిటికీయొద్దనే విడిచివచ్చుచున్నారు.

మఱియొక తెగవారు గలరు. వీరు చక్కగా చూతురు; కాని చూచినదానినెల్ల తమ పొలమునకు తెచ్చుకొనగోరుదురు. అచ్చటి పైరు పచ్చగా కనబడెనని విత్తనమును సంచిలో పోసికొని వత్తురు. దీనివలన కలుగు నష్టము మొదటిదానికంటె పెద్దది. ఒక సీమలో కనబడు పైరు అచ్చటి నేలకును, నీటికిని, చలికిని, బజారునకును ఆ సీమ రైతు తరతరముల యనుభవముతో చెప్పిన ప్రత్యుత్తరము. ప్రశ్నను చదువక ప్రత్యుత్తరమును మాత్రము ఎత్తివ్రాసికొన్న బాలుడు పరీక్షలో తప్పును. రైతు అట్లు చేసినచో ఒక యేటి పంట పోవును. ఒక్కొక్కప్పుడు భూమియే చేయిజాఱును.

కావున నేల యెట్టిది? నీరు ఎక్కడిది? చలి యెన్నాళ్లు? సరకు ఎచ్చట అమ్ముడుపోవును? అను నాలుగు ప్రశ్నలను వెంటబెట్టుకొని రైలెక్కవలెనని నా మనవి. ఈ మార్గమున ఆ ప్రశ్నలు ఎట్లు ఉపయోగించునో క్రింద వివరించెదను.

ప్రయాణమునకు ముందు

కాజీపేట, బల్హార్షాల నడిమి మార్గము 1929లో పూర్తియైన పిమ్మటనే మన ప్రాంతమునుండి ఢిల్లీకి ఈ దగ్గఱిదారి యేర్పడెను. ఆ యేడే ఆరంభమైన గ్రాండ్ ట్రంకు ఎక్స్‌ప్రెస్సు నేటికిని ఈ దారినే చెన్నైనుండి ఢిల్లీకి నడచుచున్నది. ఇంకను అనేకములగు బండ్లు గలవు. 2024 నవంబరునుండి రిజర్వేషను ప్రయాణదినమునకు 60 దినములు ముందుగా మాత్రమే దొరకును గనుక, ఆ లెక్క చూచుకొని టిక్కెట్టు తీసికొనవలెను. గుర్తింపుకార్డు దగ్గఱ నుంచుకొనవలెను. స్లీపరు తరగతిలో ఒక్కొక్కరికి 40 కిలోల సామాను ఉచితము. నడిమి బెర్తును రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకే వాడుకొనవచ్చును. పగటివేళ అందఱును క్రింద కూర్చుండవలెను. ఇది మనకు మేలే. కిటికీ దగ్గఱ నలుగురు కూర్చున్నచో ఒకరికి కానరానిది మఱియొకరికి కానవచ్చును.

ఏ బండియందైనను కొంత నేల చీకటిలో గడచిపోవును. కావున పోవునపుడు రాత్రి దాటిన సీమ వచ్చునపుడు పగలు పడునట్లు వేఱొక బండిని ఎన్నుకొనవలెను. ఒక చిన్న నోటుపుస్తకమును పెన్సిలును తప్పక తీసికొనిపోవలెను. స్టేషను పేరు, నేల రంగు, నిలిచియున్న పైరు, నీటి వసతి, ఈ నాలుగును వ్రాసికొన్నచో చాలును.

కృష్ణనుండి గోదావరివఱకు

మాఘఫాల్గుణ మాసములలో తెనాలివైపునుండి వచ్చువారికి వరి కోసిన మాగాణులలో మినుము, పెసర కానవచ్చును. కోతకు రెండుమూడు దినముల ముందు పదునుగల చేనిలో విత్తులు చల్లి, నీరు పెట్టకయే పండించు ఈ పద్ధతి మనకు నిత్యపరిచితము. 1855లో పూర్తియైన ఆనకట్టయు, దాని స్థానమున 1957లో ఏర్పడిన ప్రకాశము బ్యారేజియు తెచ్చిన నీటికి, చెమ్మను పట్టియుంచు ఒండ్రునేలకు మన పెద్దలు చెప్పిన ప్రత్యుత్తరము అది. ఉత్తరదేశపు రైతు మన కిటికీలోనుండి చూచి, ఆ మినుమును తన ఇసుకనేలలో అట్లే చల్లినచో ఏమగునో ఆలోచింపుడు. ఇతరుల చేలను మనము చూచునపుడును ఆ యాలోచనయే మనకు రక్ష.

మధిర, ఖమ్మము దాటునపుడు కల్లములలో ఎఱ్ఱగా ఆరబోసిన మిరపకాయలు కనబడును. డోర్నకల్లు, మహబూబాబాదు సీమలో ఎఱ్ఱ చల్కనేలలును, వాన నీటిని నిలుపు చెఱువులును తఱచు. కాకతీయుల కాలమున పాకాల, రామప్ప, లక్నవరము మొదలగు గొప్ప చెఱువులు వెలసినది ఈ సీమలోనే. తేలికనేల నీటిని దాచుకొనలేదు గనుక ఊరు దాచిపెట్టవలెనని వారెఱుగుదురు.

ఓరంగల్లు వచ్చినపుడు 1997-98వ సంవత్సరమును జ్ఞాపకము చేసికొనవలెను. ఆ యేట వానలు తాఱుమాఱై, ప్రత్తిపై లద్దెపురుగు విరుచుకొనిపడి, కొట్టిన మందు పనిచేయక, అప్పు తీర్చు దారి గానక ఈ జిల్లాలో అనేకులగు రైతులు ప్రాణములు తీసికొనిరి. వారిలో చిన్నరైతులును కౌలుదారులును ఎక్కువ. రేగడికి తగిన ప్రత్తి అప్పటికి ఎఱ్ఱనేలలకును ప్రాకియుండెను. విత్తనము, మందు, అప్పు మూడును ఒకే వర్తకునియొద్ద తీసికొన్నవారికి, ఏ మందు వలయును, ఏది వలదు అని చెప్పువాడును ఆ వర్తకుడే యయ్యెను. సహకారసంఘము ఎందులకని యడుగువారికి ఇంతకంటె వేఱు సమాధానము అక్కఱలేదు.

రామగుండము దాటిన పిమ్మట గోదావరి వచ్చును. బొగ్గుగనులు, మంచిర్యాల, సిర్పూరు కాగజ్‌నగరము, తరువాత అడవి.

రేగడిసీమ

వార్ధానదిని దాటి మహారాష్ట్రములోని బల్హార్షా చేరుదుము. చంద్రపురపు అడవులు వెనుకబడి, హింగన్‌ఘాట్ సమీపించుకొలది నేల నల్లబడును. ఇది దేశమున పేరుపొందిన ప్రత్తిసీమ. వాన నిలిచిన తరువాతకూడ లోతైన రేగడి కొన్ని వారములు పైరును పోషింపగలదు. చల్కనేల కొలదిదినములకే బెట్టపడును. ఒకే ప్రత్తి, ఒకే విత్తనము, ఒకే వాన అయినను రెండు నేలలలో రెండు ఫలితములు కలుగుట కిదియే కారణము.

రేగడి యున్నంతమాత్రమున కష్టము లేదనుకొనరాదు. ఈ విదర్భలో ప్రత్తి చాలవఱకు వానమీదనే ఆధారపడియున్నది. అప్పులపాలై మరణించిన రైతుల వార్తలు ఈ సీమనుండియు వచ్చినవి. నేల ప్రశ్నకు సరియైన ప్రత్యుత్తరము చెప్పియు నీటి ప్రశ్నకు చెప్పలేకపోయినచో జరుగునది ఇట్టిదే. కేంద్ర ప్రత్తి పరిశోధనసంస్థ 1976నుండి నాగపురమున నున్నది. నడుమ దిగి ఒకదినము నిలువగలవారు దానిని చూడదగును.

నాగపురము స్టేషనులో కమలాపండ్లు కొని తినుడు. కాని బజారులో అంటుమొక్కలు కొనకుడు. నిమ్మజాతి చెట్లకు వచ్చు వైరసుతెగుళ్లు అంటుతోకూడ ప్రయాణము చేయును. కొన్ని యేండ్లు గడచి చెట్టు కాపునకు వచ్చువఱకు రైతు వానిని గుర్తింపలేకపోవచ్చును. బత్తాయితోటలు గలవారు ఈ మాటను ముఖ్యముగా మనసున నుంచుకొనవలెను. తెగులు లేదని పరీక్షించిన అంట్లను ప్రభుత్వపరిశోధనాలయములయొద్దనే తీసికొనవలెను.

నర్మదాతీరము

బేతూలు ప్రాంతమున బండి సాత్పురా కొండలలో మెలికలు తిరిగి ఇటార్సీకి దిగును. ముంబయినుండి ప్రయాగవైపునకు పోవు మార్గము ఇచ్చటనే మన మార్గమును కలియును. పిమ్మట నర్మదాపురముకడ నర్మదానది. మాఘమాసమున ఇరుప్రక్కల గోధుమ, శనగ చేలు కనుచూపుమేర పఱచుకొనియుండును.

ఈ సీమకు సంబంధించిన రెండు సంగతులు మనము తెలిసికొనదగినవి. మొదటిది నీటిని గూర్చినది. 1970వ దశకమున తవానదిపై కట్టిన జలాశయపు కాలువలు పాఱిన తొలియేండ్లలోనే కొన్నిచోట్ల లోతైన రేగడిచేలు నీరుపట్టి, చెమ్మ వదలక, సాగునకు పనికిరాకపోయెను. 1977లో ఇచ్చటి రైతులు తమ మట్టిని కాపాడుకొనుటకు ఉద్యమము జరుపవలసివచ్చెను. కాలువతోపాటు మురుగుకాలువయు నుండవలెనని మన డెల్టా రైతునకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

రెండవది క్రొత్తపంటను గూర్చినది. పూర్వము ఈ మాళవపు రేగడిని వానకాలమున చాలవఱకు బీడుగా విడిచి, నిలిచిన పదునుతో శీతకాలమున గోధుమ, శనగ విత్తెడివారు. 1960వ దశకము చివరనుండి జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో సోయాచిక్కుడును పరీక్షించి, ఆ ఖాళీకాలమునకు తగునని తేల్చిరి. నూనెమిల్లులు సరకు కొనుటకు ముందుకువచ్చెను. పైరు వ్యాపించెను. క్రొత్తపంట వలదని నేను చెప్పుటలేదు. ముందు పరీక్ష, తరువాత విత్తు, అమ్ముకొనుటకు చోటు, ఈ క్రమమున వచ్చిన క్రొత్తపంట నిలుచును.

మాతో వచ్చిన డెల్టా రైతొకరు ఈ గోధుమచేలను చూచి ముచ్చటపడి, "అయ్యా, వరి కోసిన తరువాత మనమును గోధుమ వేసిన నేమి?" అని యడిగిరి. హిందీ తెలిసినవారొకరు ఈ మాటను ఎదుటిబల్లపై కూర్చున్న ఆ దేశపు ముసలి రైతునకు చెప్పగా, ఆయన నవ్వి, "పుష్యమాసమున మీ యూర రాత్రి ఏమి కప్పుకొందురు?" అని ప్రశ్నించెను. "దుప్పటి చాలును" అని మావారనిరి. "అట్లయిన గోధుమకు చాలదు" అని ఆయన ప్రత్యుత్తరము.

నేను చేయగల యుపన్యాసమునకంటె ఆ మాట మేలైనది. నవంబరులో విత్తిన గోధుమ పిలకలు వేయుటకును, గింజ పాలుపోసికొనుటకును చల్లని దినములు వలయును. ఎండ ముందుగా ముదిరినచో గింజ తాలుబోవును. 2022 మార్చి నెల దేశమున మునుపెన్నడు నెఱుగనంత వేడిగా నుండుటచే గోధుమసీమలోనే దిగుబడి తగ్గి, మే నెలలో ప్రభుత్వమువారు గోధుమ యెగుమతిని నిషేధింపవలసివచ్చెను. పుట్టినింటనే అట్లు బెదరిన పైరు మన తీరప్రాంతపు మాఘమాసమును ఎట్లు తట్టుకొనును?

చంబలు గండ్లు

భోపాలు, ఝాన్సీ, గ్వాలియరు దాటిన పిమ్మట మొరేనా, ధోల్పూరుల నడుమ నిద్రపోవువారిని సయితము లేపి చూపింపవలసిన దృశ్యము గలదు. చంబలునదికి ఇరువైపుల భూమి వేలకొలది గండ్లుగా చీలిపోయి, మట్టిదిబ్బలు మాత్రము మిగిలియున్నవి. ఒకప్పుడు సమముగా నుండిన మెత్తని ఒండ్రునేల అది. పైన గడ్డియు చెట్టును పలుచబడిన చోట వాననీరు ముందు ఒక సన్నని చాలు త్రవ్వినది, చాలు వంకయైనది, వంక గండియైనది. గండి ప్రతి వానకును వెనుకకు ప్రాకి ప్రక్కచేనిని తినివేసినది. ఆ దిబ్బల యంచువఱకు పచ్చని ఆవచేలు నిలిచియుండుట చూచినచో మన కడుపు తరుగుకొనిపోవును.

మన మెట్టపొలముల మూలలలోను మూరెడు లోతు చాళ్లు గలవు. వాలునకు అడ్డముగా గట్టు వేసి, గట్టుపై గడ్డి నాటి, నీరు వెడలుచోట రాళ్లు పేర్చుటకు రైతునకు రెండుమూడు దినముల పని. విడిచిపెట్టినచో బిడ్డల కాలమునకు ఎంత పని యగునో చంబలు చెప్పుచున్నది.

ఢిల్లీలో

ఆగ్రా ప్రాంతమున బంగాళాదుంపలు త్రవ్వుచుండగా చూచి ఢిల్లీ చేరుదుము. పూసాలోని భారత వ్యవసాయ పరిశోధనసంస్థ 1905లో బీహారులోని పూసాగ్రామమున స్థాపింపబడినది. 1934 భూకంపమున ఆ భవనములు దెబ్బతినగా 1936లో ఢిల్లీకి తరలినది. ఇచ్చటి కృషిమేళా సాధారణముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో జరుగును. మేళాలో విత్తనము కొనుటకు ముందు, అది ఏ మండలమునకు సిఫారసు చేయబడినదో అడిగి వ్రాసికొనవలెను. బాసుమతి విషయమున మఱింత జాగ్రత్త వలయును. 2016లో లభించిన భౌగోళిక గుర్తింపు హిమాలయపాదమునకు చేరువనున్న ఉత్తర ప్రాంతములకే చెల్లును. మన పొలమున పండిన గింజను ఆ పేరున అమ్ముటకు వీలులేదు.

ఒక యుదయము ఆజాద్‌పూరు పండ్ల బజారునకు పోవలెను. మన బంగినపల్లి మామిడి అచ్చట సఫేదా అను పేరుతో అమ్ముడుపోవును. 2020 సెప్టెంబరు 9న అనంతపురమునుండి పండ్లతో బయలుదేరిన కిసాన్ రైలు ఈ బజారునకు చేరువనున్న ఆదర్శనగరము స్టేషనునకే వచ్చెను. పెట్టె కట్టిన తీరునుబట్టి, కాయల ఎన్నికనుబట్టి ధర యెట్లు మాఱునో కన్నులార చూచినచో నాలుగవ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకును.

తిరిగి వచ్చిన పిమ్మట

త్రోవలో చూచిన క్రొత్తదేదైన మీ మనసునకు నచ్చినచో, మొదట సమీపపు కృషి విజ్ఞాన కేంద్రమువారి నడుగుడు. వారు సరేయన్నచో ఐదు సెంట్ల భూమిలో వేయుడు. ప్రక్కనే మీ పాతపైరును అదేదినమున విత్తి, ఖర్చును దిగుబడిని రెండింటికిని వ్రాయుడు. ఐదు సెంట్లలో పోయిన సొమ్ము గురుదక్షిణవంటిది. ఐదు ఎకరములలో పోయినచో అది అప్పు.

నోటుపుస్తకమును పెట్టెలో దాచక సంఘపు నెలసరి సమావేశమున చదివి వినిపింపుడు. ఒకరి టిక్కెట్టుతో ఊరివారందఱును ప్రయాణము చేసినవారగుదురు.