ఎడమ జఠరిక ఎదగని గుండె

హైపోప్లాస్టిక్ లెఫ్ట్ హార్ట్ సిండ్రోమ్ అనే జన్మలోపంలో గుండె ఎడమ భాగం సరిగా ఎదగదు. ఎడమ జఠరిక సన్నని చీలికలా మిగిలిపోతుంది. మిట్రల్, అయోర్టిక్ కవాటాలు ఇరుకుగా ఉంటాయి, లేదా పూర్తిగా మూసుకుపోతాయి. బృహద్ధమని మొదటి భాగం కొందరు బిడ్డల్లో రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. పది వేల జననాల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి ఈ లోపం ఉంటుంది. 1958లో నూనన్, నాడాస్ అనే వైద్యులు 101 కేసులను పరిశీలించి రాసిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది.

తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు పెద్దగా ఇబ్బంది ఉండదు. అప్పుడు ఊపిరితిత్తులకు పని లేదు. కుడి జఠరిక నుంచి బయల్దేరిన రక్తం డక్టస్ ఆర్టీరియోసస్ అనే చిన్న నాళం గుండా బృహద్ధమనిలో చేరి ఒళ్లంతా తిరుగుతుంది. అందుకే బిడ్డ చాలాసార్లు నిండు బరువుతో పుడుతుంది, గట్టిగా ఏడుస్తుంది, పాలు కూడా తాగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పుట్టాక కొద్ది రోజుల్లో మూసుకుపోవడం ఆ నాళానికి సహజం. అది మూసుకుంటున్నకొద్దీ శరీరానికి రక్తం అందదు. బిడ్డ పాలు తాగదు, ఆయాసపడుతుంది, కాళ్లు చల్లబడతాయి, ఒళ్లు బూడిద రంగుకు తిరుగుతుంది, గజ్జల్లో నాడి చేతికి అందదు. ఈ లక్షణాలు చూసి రక్తంలో ఇన్ఫెక్షన్ అనుకునే అవకాశం ఎక్కువ. ఆ పొరపాటులో పోయే గంటలు ఎంతో విలువైనవి.

గర్భిణికి ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో గుండె నాలుగు గదులనూ జాగ్రత్తగా చూస్తే ఈ లోపం చాలావరకు బయటపడుతుంది. ముందే తెలిస్తే పసిపిల్లల గుండె ఆపరేషన్లు చేసే చోటే కాన్పు జరిగేలా చూసుకోవచ్చు. పుట్టగానే ప్రోస్టాగ్లాండిన్ ఇ1 మందును నరం ద్వారా నిరంతరం ఎక్కిస్తూ ఆ నాళాన్ని తెరిచి ఉంచుతారు. ఆక్సిజన్ మాత్రం ఆచితూచి ఇవ్వాలి. ఎక్కువైతే ఊపిరితిత్తుల నాళాలు విచ్చుకుని రక్తం అటే మళ్లుతుంది, శరీరానికి అందాల్సిన వాటా తగ్గిపోతుంది.

లేని జఠరికను ఎవరూ తెచ్చిపెట్టలేరు. కుడి జఠరిక చేతే ఆ పని చేయించే మార్గాన్ని 1980ల మొదట్లో బోస్టన్‌లో విలియం నార్‌వుడ్ చూపారు. ఆయన పేరుతోనే పిలిచే మొదటి ఆపరేషన్ పుట్టిన తొలి రెండు వారాల్లో జరుగుతుంది. పుపుస ధమని మొదలును బృహద్ధమనితో కలిపి కొత్త దారి వేస్తారు, ఊపిరితిత్తులకు చిన్న గొట్టం ద్వారా రక్తం అందిస్తారు. ఈ మార్గంలో దశలవారీగా చేసే మూడు ఆపరేషన్లలో అత్యంత కష్టమైనది ఇదే. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో గ్లెన్, రెండు నుంచి నాలుగేళ్లలో ఫాంటాన్ ఆపరేషన్లు చేసి శరీరం నుంచి తిరిగివచ్చే చెడు రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు మళ్లిస్తారు.

ఆ తర్వాత ఊపిరితిత్తులకు రక్తాన్ని తోసే పంపు ఉండదు. సిరల్లోని ఒత్తిడితోనే అది ప్రవహించాలి. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి కాలేయం మీద పడుతుంది. కుడి జఠరిక కూడా క్రమంగా అలసిపోవచ్చు, కొందరికి గుండె మార్పిడి అవసరమవుతుంది. అందువల్ల ఈ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా జీవితాంతం గుండె వైద్యుల పర్యవేక్షణలోనే ఉండాలి.