పెట్టె పెడితే బండికి బలం వస్తుందా?

మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల వైపు ఎన్నో ఇళ్ళు బండి మీద బతుకుతున్నాయి. ఒకరిది అద్దె కారు. ఒకరిది సరుకులు వేసే బండి. ఇంకొకరిది పలకల రాయి మోసే బండి. బండి కొనాలంటే అప్పు చేయాలి. చాలా ఇళ్ళలో ఆ అప్పు కాగితం మీద ఆడవాళ్ళ సంతకం కూడా ఉంటుంది. కంతు కట్టే రోజు దగ్గర పడితే ఇంట్లో ముందుగా దిగులు పడేది కూడా వాళ్ళే. అందుకే బండి సంగతి మగవాళ్ళు చూసుకుంటారులే అని ఊరుకోకూడదు.

ఇప్పుడు కార్లకు తగిలించే చిన్న పెట్టె ఒకటి అమ్ముతున్నారు. దాన్ని ట్యూనింగ్ బాక్సు అంటారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. “ఇది తగిలిస్తే ఇంజను బలం పెరుగుతుంది. ఘాటు రోడ్డు మీద కూడా బండి పరుగెత్తుతుంది. డీజిలు కూడా ఆదా అవుతుంది” అని అమ్మేవాళ్ళు చెబుతారు. దాని ధర వేల రూపాయల్లో ఉంటుంది.

ఇందులో నిజం ఎంత? పెట్టె లోపల ఏముంది? ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? దానికి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఇవన్నీ తెలుసుకుందాం.

ఇంజనుకు బలం ఎలా వస్తుంది?

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు పట్టుకుని చూడండి. అడుగున వేడెక్కుతుంది. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిలు ఇంజను పని చేసేది ఈ సూత్రం మీదే. ఇంజను లోపల గాలిని బాగా నొక్కుతారు. అది నిప్పులా కాగుతుంది. అప్పుడు దాని మీద డీజిలును సన్నటి తుంపరగా చల్లుతారు. డీజిలు దానంతట అదే భగ్గుమంటుంది. ఆ మంట తోసే తోపుకే చక్రం తిరుగుతుంది. జర్మనీ దేశపు ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇలాంటి ఇంజనును నడిపి చూపించాడు. ఆయన పేరే దానికి నిలిచిపోయింది.

మంట మండాలంటే రెండు కావాలి. ఒకటి డీజిలు. రెండోది గాలి. పొయ్యిలో కట్టెలు ఎక్కువ పెట్టి గాలి ఆడనివ్వకపోతే ఏమవుతుంది? పొగ కమ్ముతుంది. ఇంజనులో కూడా అంతే.

కొలిమిలో గాలి కోసం తిత్తి ఊదుతారు కదా. ఇప్పటి డీజిలు కార్లలో కూడా అలాంటి తిత్తి ఒకటి ఉంది. దాని పేరు టర్బో. అది ఒక చిన్న పంకా. ఇంజను నుంచి పొగ బయటికి పోయే జోరుకు అది తిరుగుతుంది. తిరిగి, గాలిని ఇంజను లోపలికి తోస్తుంది.

ఇంజనుకు ఒక మెదడు ఉంది

పాత జీపుల్లో, పాత ట్రాక్టర్లలో డీజిలు ఎంత పోవాలో ఇనప పంపే చూసుకునేది. కొత్త బండ్లలో ఆ పని ఒక చిన్న కంప్యూటరు చేస్తుంది. అది ఎలా చేస్తుందో మన ఊరి నీళ్ళ ట్యాంకుతో పోల్చి చూద్దాం.

ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. కింద మోటారు ఉంది. మోటారు నీళ్ళను పైకి తోస్తుంది. ట్యాంకు నుంచి కుళాయిలకు నీళ్ళు వస్తాయి. మోటారు దగ్గర ఒక మనిషి ఉంటాడు. ట్యాంకు మీద నిలబడి ఇంకొకతను కేక వేసి చెబుతాడు. “సగం నిండింది” అంటే మోటారు నడుస్తుంది. “నిండింది” అంటే ఆగుతుంది.

కారులో కూడా ఇలాగే ఉంటుంది. డీజిలును నొక్కి నిలవ ఉంచే ఒక ఇనప గొట్టం ఉంది. అదే మన ట్యాంకు. అందులోకి డీజిలును తోసే పంపే మన మోటారు. ఇంజనులోకి డీజిలు చల్లే ఇంజెక్టర్లు కుళాయిల వంటివి. గొట్టంలో ఒత్తిడి ఎంత ఉందో చూసి చెప్పేది సెన్సరు. అది ట్యాంకు మీద నిలబడిన మనిషి. ఆ మాట విని పంపును నడిపించేది కంప్యూటరు.

ఆ గొట్టంలో ఒత్తిడి తక్కువేమీ కాదు. చాలా కార్లలో అది కారు టైరులోని గాలి ఒత్తిడి కంటే ఏడు వందల రెట్లకు పైగా ఉంటుంది.

పెట్టె చేసే పని ఏమిటి?

సెన్సరు నుంచి కంప్యూటరుకు ఒక తీగ పోతుంది. ట్యూనింగ్ బాక్సును ఆ తీగ మధ్యలో తగిలిస్తారు. తీగ కోయనక్కర్లేదు. ప్లగ్గు ఊడదీసి మధ్యలో ఈ పెట్టె పెడితే చాలు.

ఇప్పుడు మళ్ళీ ట్యాంకు దగ్గరికి వద్దాం. పైన ఉన్నతను “ముప్పావు నిండింది” అని కేక వేశాడు. మధ్యలో ఇంకొకడు నిలబడి “సగమే నిండిందట” అని కిందికి చెప్పాడు. కింద ఉన్న మనిషి ఏం చేస్తాడు? మోటారు ఆపకుండా ఇంకా నడిపిస్తాడు.

పెట్టె చేసే పని అదే. సెన్సరు చెప్పిన ఒత్తిడిని తగ్గించి కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు ఆ మాట నమ్మి ఒత్తిడి పెంచుతుంది. ఇంజెక్టర్ల నుంచి డీజిలు ఎక్కువగా పడుతుంది. మంట పెద్దదవుతుంది. బండి జోరుగా లాగుతుంది.

అంటే టర్బో ఉన్న డీజిలు కారులో ఈ పెట్టె వల్ల బలం పెరగడం నిజమే. అందులో మోసం లేదు. కానీ ఆ బలం పెట్టెలో నుంచి రాలేదు. మీరు డబ్బు పెట్టి పోయించిన డీజిలులో నుంచే వచ్చింది. పెట్టె చేసింది ఒక్కటే. ఇంజను చెవిలో అబద్ధం చెప్పింది.

సెన్సరు లేని పాత జీపుకు, పాత ట్రాక్టరుకు ఇలాంటి పెట్టె పనికే రాదు. టర్బో లేని చిన్న పెట్రోలు కారుకు కూడా దీనివల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

ఆ బలానికి ఖర్చు ఎవరిది?

పెద్ద మంట అంటే పెద్ద వేడి. పొయ్యిలో మంట ఎక్కువైతే అన్నం త్వరగా ఉడుకుతుంది. అడుగు కూడా త్వరగా మాడుతుంది.

మన ప్రాంతంలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నల్లమల ఘాటు దాటి నంద్యాల పోవాలి. లేదా దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కాలి. బండి నిండా జనం. పైన సామాను. ఏ.సి. నడుస్తూ ఉంది. ఇంజనుకు చాలా కష్టమైన పని ఇదే. పెట్టె అమ్మేవాళ్ళు ఆశ చూపించేది ఈ ఘాటు గురించే. ఇంజను ఎక్కువ వేడెక్కేది కూడా ఈ ఘాటు మీదే.

ఎక్కువ వేడికి టర్బో దెబ్బ తింటుంది. పిస్టను దెబ్బ తింటుంది. ఎక్కువ ఒత్తిడికి పంపు, ఇంజెక్టర్లు త్వరగా అరుగుతాయి. ఎక్కువ బలానికి క్లచ్చి ప్లేట్లు జారతాయి. గాలి చాలకపోతే నల్ల పొగ వస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బి.ఎస్. 6 నియమాలు వచ్చాయి. ఈ రకం డీజిలు కార్లకు పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. మసి ఎక్కువైతే ఆ జల్లెడ పూడుకుపోతుంది. దాన్ని మార్చాలంటే చాలా ఖర్చు.

ఇవన్నీ ఒక్క రోజులో జరగవు. అసలు జరగకపోవచ్చు కూడా. నెమ్మదిగా నడిపేవాళ్ళకు నష్టం తక్కువ. కానీ జరిగితే పెట్టె అమ్మినవాడు రాడు. కంతు ఆగదు.

కంపెనీవాళ్ళు ఆ బలం ముందే ఎందుకు ఇవ్వలేదు?

మంచి ప్రశ్న. బావి చేంతాడు సంగతి చూడండి. బిందె బరువుకు సరిగ్గా సరిపోయే తాడు ఎవరూ కొనరు. ఇంకొంచెం గట్టిది కొంటారు. తాడు పాతబడినా తెగకుండా ఉండాలి కదా.

ఇంజను చేసేవాళ్ళు కూడా అలాగే కొంత బలం వెనక్కి ఉంచుతారు. ఎండ ఉంటుంది. దుమ్ము ఉంటుంది. డీజిలు ఎప్పుడూ శుభ్రంగా ఉండదు. బరువు ఎక్కువ వేస్తారు. సర్వీసు ఆలస్యంగా చేయిస్తారు. వీటన్నిటినీ తట్టుకోవడానికే ఆ మిగులు. పెట్టె ఆ మిగులును వాడేస్తుంది.

ఇంకో రకం పెట్టె

స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. మెకానిక్కులు అందులో మిషను పెట్టి బండి జబ్బు తెలుసుకుంటారు. ఆ సాకెట్టులో గుచ్చే చిన్న డబ్బాలు కూడా అమ్ముతారు. వీటి ధర తక్కువ. “మైలేజీ పెరుగుతుంది” అని చెబుతారు. ఇలాంటి కొన్ని డబ్బాలను విప్పి చూస్తే లోపల మినుకు మినుకుమనే లైట్లు తప్ప పనికొచ్చేది ఏమీ లేదు.

అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ మైలేజీ పెంచుతామనే పరికరాలను వందకు పైగా పరిశీలించింది. వాటిలో మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచినది ఒక్కటీ లేదు.

లెక్క వేద్దాం

ఇప్పుడు పలక గానీ, నోటు పుస్తకం గానీ తీసుకోండి. ముందు బండి మైలేజీ తెలుసుకోవాలి.

ట్యాంకు నిండా డీజిలు పోయించండి. మీటరు మీద కిలోమీటర్లు రాసుకోండి. కొన్ని రోజులు తిరిగాక మళ్ళీ నిండా పోయించండి. ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. బండి 360 కిలోమీటర్లు తిరిగింది, 24 లీటర్లు పట్టింది అనుకుందాం. 360ని 24తో భాగిస్తే 15. అంటే లీటరుకు 15 కిలోమీటర్లు.

పెట్టె పెడితే అది 16 అవుతుందని చెప్పారు. పెట్టె ధర 15,000 రూపాయలు అనుకుందాం. బండి నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతుంది. లెక్క సులువు కోసం లీటరు డీజిలు 100 రూపాయలు అనుకుందాం.

ఇప్పుడు నెలకు డీజిలు: 100 లీటర్లు.
పెట్టె పెట్టాక: 93 లీటర్ల 750 మిల్లీలీటర్లు.
మిగిలేది: ఆరుంపావు లీటర్లు. అంటే 625 రూపాయలు.

15,000ను 625తో భాగిస్తే 24. పెట్టె డబ్బు తిరిగి రావడానికే రెండేళ్ళు పడుతుంది. అది కూడా వాళ్ళు చెప్పిన మాట నిజమైతేనే. పెరిగిన బలం వాడుకుంటూ జోరుగా నడిపితే డీజిలు ఎక్కువే తాగుతుంది. ఆదా ఏమీ ఉండదు.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 52వ సెక్షను ఉంది. కంపెనీ తయారు చేసిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించారు. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా వేయవచ్చు. ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

జర్మనీలో ఇలాంటి పెట్టె పెడితే పరీక్ష చేయించి, బండి కాగితాల్లో రాయించుకోవాలి.

ఇంజను కంప్యూటరుతో అబద్ధం ఆడితే ఎంత దూరం పోతుందో 2015లో లోకమంతా చూసింది. జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ కంపెనీ తన డీజిలు కార్ల కంప్యూటర్లలో ఒక తంత్రం పెట్టింది. పరీక్ష చేసేటప్పుడు విషపు పొగ తక్కువగా వచ్చేది. రోడ్డు మీద ఎక్కువగా వచ్చేది. అలాంటి కార్లు లోకమంతటా ఒక కోటీ 10 లక్షలు. ఆ కంపెనీ వేల కోట్ల రూపాయలు కట్టుకోవలసి వచ్చింది.

వారంటీ సంగతి కూడా చూడాలి. బండితో పాటు ఒక పుస్తకం ఇస్తారు. బయటి పరికరం పెట్టి, దానివల్ల ఇంజను చెడిపోతే బాగు చేయించే బాధ్యత మాది కాదని చాలా కంపెనీలు అందులో రాస్తాయి. ఇన్సూరెన్సు వాళ్ళకు చెప్పకుండా మార్పు చేస్తే ప్రమాదం జరిగినప్పుడు డబ్బుకు పేచీ రావచ్చు. ఆ పుస్తకం తీసి చదవండి. అన్నీ అర్థం కాకపోయినా “వారంటీ” అన్న మాట ఎక్కడ ఉందో వెతకండి. ఇంగ్లీషులో ఉంటే పిల్లల చేత చదివించుకోండి.

బండి లాగకపోతే ముందు ఏం చూడాలి?

లాగే బండి లాగడం మానేస్తే దానికి ఏదో జబ్బు ఉంది. జబ్బు కనుక్కోకుండా బలం మందు వేయకూడదు.

1. గాలి ఫిల్టరు. పలకల గనుల దారిలో, మట్టి రోడ్ల మీద తిరిగే బండికి ఇది త్వరగా దుమ్ముతో పూడుకుపోతుంది. ముక్కు మూసుకుంటే మనిషి పరుగెత్తగలడా?
2. డీజిలు ఫిల్టరు. నీళ్ళు, మడ్డి చేరితే డీజిలు సరిగా అందదు.
3. టైర్లలో గాలి. తక్కువైతే బండి బరువుగా నడుస్తుంది.
4. బ్రేకులు. పట్టేసి ఉన్నాయేమో చూడాలి.
5. క్లచ్చి. జారితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు.
6. టర్బో గొట్టం. చిల్లి పడితే గాలి బయటికి పోతుంది.
7. బరువు. మోయవలసిన దానికంటే ఎక్కువ వేస్తే ఏ పెట్టే కాపాడదు.

వీటిలో ఫిల్టర్లు మార్చడం, గాలి కొట్టించడం చిన్న ఖర్చు. చాలా సార్లు అంతటితోనే బండి మళ్ళీ లాగుతుంది.

కొనే ముందు అడగవలసిన మాటలు

ఇంట్లో ఎవరైనా పెట్టె కొందామంటే పోట్లాడవద్దు. ఈ నాలుగు మాటలు అడగండి.

ఇది మన బండికే చేసినదా? బిల్లు ఇస్తారా? ఇంజను చెడిపోతే బాధ్యత తీసుకుంటామని కాగితం రాసిస్తారా? బండి కంపెనీ సర్వీసు సెంటరులో అడిగారా?

నోటి మాట చాలదు. కాగితం మీద రాసి ఇమ్మనండి. రాసింది చదివాకే డబ్బు తీయండి. బండి అప్పు మీద మీ సంతకం ఉంది. ఆ బండికి ఏం తగిలిస్తున్నారో అడిగే హక్కు కూడా మీకుంది.

కొత్త మాటలు

సెన్సరు: కొలిచి కబురు చెప్పే పరికరం
ఇంజెక్టరు: డీజిలును తుంపరగా చల్లేది
టర్బో: ఇంజనులోకి గాలి తోసే పంకా
వారంటీ: చెడిపోతే బాగు చేస్తామని కంపెనీ రాసిచ్చే మాట

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ట్యూనింగ్ బాక్సు ఇంజనుకు చెప్పే అబద్ధం ఏమిటి?
2. ఘాటు రోడ్డు మీద ఇంజను ఎందుకు ఎక్కువ వేడెక్కుతుంది?
3. ఒక బండి 420 కిలోమీటర్లు తిరిగింది. 30 లీటర్లు పట్టింది. మైలేజీ ఎంత?
4. మీ ఇంట్లో గానీ, మీ సంఘంలో ఎవరికైనా గానీ బండి ఉందా? దాని గాలి ఫిల్టరు ఎప్పుడు మార్చారో అడిగి తెలుసుకోండి.